రెండొందల డాలర్లు ఎవరికి ఎంత?

డబ్బు, ఇల్లు, ఇరుగుపొరుగు: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లె. ఎంఎస్ చేసి ఇప్పుడు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. కన్సల్టెన్సీ ద్వారా కాంట్రాక్టు ఉద్యోగం. నెలకు చేతికి 4,800 డాలర్లు వస్తాయి. అద్దె 1,500, కారు వాయిదా 430, చదువుకు తీసుకున్న అప్పు కింద ఇండియాకు 700, అమ్మానాన్నలకు 300. మా ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉంది, ఉద్యోగం చేయడానికి లేదు. సరుకులు, ఇన్సూరెన్సు, ఫోన్లు అన్నీ పోగా ఆరు వందలు మిగిలితే అది మంచి నెల.

శుక్రవారం రాత్రి ఏడెనిమిది మంది తెలుగువాళ్లం ఒక అన్న ఇంట్లో పోకర్ ఆడతాం. మొదట్లో బై-ఇన్ (ఆటకు కూర్చునేటప్పుడు పెట్టే డబ్బు) 20 డాలర్లు, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు వేయాల్సిన పందేలు) పది, ఇరవై సెంట్లు. మజా రావట్లేదని ఈ మధ్య బై-ఇన్ 200 చేశారు. బ్లైండ్స్ ఒకటి, రెండు డాలర్లు. నేను నసిగితే "చిప్స్ అవేగా, ఆట అదేగా" అన్నారు. ఆ అన్న, వదిన ఇద్దరూ ఉద్యోగస్తులే. ఖర్చులన్నీ పోను నెలకు ఏడు వేలు మిగులుతాయని ఆయనే ఓసారి చెప్పాడు.

పోయిన వారం నా చేతిలో ఆసు, రాణి. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కలు రాణి, తొమ్మిది, నాలుగు, ఏడు, రెండు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెం సొమ్ములో, 150 డాలర్లు. నా ముందు 130 మిగిలాయి. అన్న ఆల్-ఇన్, అంటే ఉన్నదంతా పందెం, అన్నాడు. నిలబడాలంటే నా 130 మొత్తం పెట్టాలి. రెండు నిమిషాలు ఆలోచించి పడేశాను. ఆయన జాకీ, పది తిప్పి చూపించాడు. చేతిలో ఏమీ లేదు. "తమ్ముడూ, నీ బ్యాంకు బ్యాలెన్సు నీ మొహంలోనే కనిపిస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. రానంటే "నీ బై-ఇన్ నేను వేస్తాలే" అంటున్నాడు. ఆ ఊళ్లో మాకు మంచికీ చెడ్డకీ ఉన్నది వాళ్లే. ఆడాలా, మానాలా? నాది పిరికితనమేనా?
- పేరు వద్దు, ఇర్వింగ్

జవాబు: బాబూ, నాకు పోకర్ రాదు. రమ్మీ అయితే అర్ధరాత్రి లేపినా ఆడతాను. అందుకని మీ ఉత్తరం పట్టుకుని సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయికి వీడియో కాల్ చేసి, ఆ ఒక్క చేతినీ ముక్క ముక్కా చెప్పించుకున్నాను. వాడి లెక్క ఇదీ. మీరు పెట్టాల్సింది 130, గెలిస్తే వచ్చేది పాట్‌లోని 150, ఆయన పెట్టే 130 కలిపి 280. రెండుసార్లు ఓడితే 260 పోతుంది, మూడోసారి గెలిస్తే 280 వస్తుంది. మూడింట ఒకసారి గెలిచినా నష్టం లేదన్నమాట. ఉత్తుత్తి పందేలు కాసే మనిషి మీద ఆసు తోడున్న రాణుల జత అంతకంటే ఎక్కువే గెలుస్తుందట. "పడేయడం తప్పమ్మా" అని తేల్చేశాడు.

వాడు ముక్కల్ని చూశాడు. నేను మీ ఉత్తరంలో మొదటి పేరా చూశాను.

"ఆట అదే" అన్న మాట కాగితం మీద నిజమే. 20 డాలర్లకు ఇరవై సెంట్ల బ్లైండ్ అయినా, 200కు రెండు డాలర్ల బ్లైండ్ అయినా మీ ముందుండేది వంద బ్లైండ్లే. మారింది బల్ల అవతల లెక్క. జీతంలో ఎంత శాతం అని చూడకండి, బ్యాంకులో అప్పులిచ్చేటప్పుడు కూడా మేం అలా చూసేవాళ్లం కాదు. అన్నీ పోగా మిగిలేదెంత అని అడిగేవాళ్లం. మీకు మిగిలే ఆరు వందల్లో 200 అంటే మూడో వంతు. మీ అన్నకు మిగిలే ఏడు వేలల్లో మూడు శాతం కూడా కాదు. మీకు పడుతున్న టెన్షన్ ఆయనకు పట్టాలంటే ఆయన 2,300 డాలర్లు ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఒక్క శుక్రవారం అలా కూర్చోమనండి, ఆ జాకీ, పదితో ఆల్-ఇన్ అంటాడేమో చూద్దాం.

ఇంకో తేడా ఉంది, అది పే స్లిప్పులో కనపడదు. కొత్తగా వచ్చినవాళ్లు ప్రతి డాలరునీ రూపాయల్లోకి గుణిస్తారు. మా అబ్బాయి మొదటి ఏడాది కాఫీ తాగేవాడు కాదు, ఇల్లు కొన్నాక గుణించడం మానేశాడు. మీ అన్నా మానేసి ఉంటాడు. మీకు మాత్రం ఆ 200 డాలర్లు వేల రూపాయలు. అప్పు వాయిదాలు రూపాయల్లో కడుతున్నంత కాలం మీరు గుణిస్తూనే ఉంటారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకప్పుడు మీ అన్న స్థానంలో నేనున్నాను.

1984 సంక్రాంతి. పాలకొల్లులో మా అత్తవారిల్లు. భోగి రాత్రి భోజనాలయ్యాక హాల్లో చాప పరిచి రమ్మీ వేసేవాళ్లం. పాయింటుకు అయిదు పైసలు. ఫుల్ కౌంట్ ఎనభై పాయింట్లు పడితే నాలుగు రూపాయలు పోతాయి, మొదట్లోనే డ్రాప్ అయితే, అంటే ఆడకుండా ముక్కలు పడేస్తే, ఇరవై పాయింట్లకు రూపాయి. నాకప్పుడు బ్యాంకులో క్లర్కు ఉద్యోగం, చేతికి పదకొండు వందలు వచ్చేవి. మావారిదీ ప్రభుత్వోద్యోగమే. మా పెద్ద తోడికోడలి భర్త, అంటే మా బావగారు, రైసుమిల్లులో గుమాస్తా. మూడు వందల యాభై. ముగ్గురు పిల్లలు. ఆ లెక్కలన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా "అయిదు పైసలకు ఏం ఆడతాం, పావలా చేద్దాం" అన్నది నేనే. ఎవరూ కాదనలేదు. అక్కయ్య కూడా "సరేనమ్మా" అంది.

పావలా అంటే ఫుల్ కౌంట్ ఇరవై రూపాయలు, డ్రాప్ అయిదు. ఆ రాత్రి ఆమె వరసగా డ్రాప్ అవుతూనే ఉంది. ఒక ఆటలో ఆమె పడేసిన ముక్కలు కలపడానికి నా దగ్గరకొచ్చాయి. చూస్తే లైఫ్ (జోకరు లేకుండా కుదిరిన వరస) ఉంది, రెండు జోకర్లున్నాయి. అలాంటి చెయ్యి ఎవరైనా పడేస్తారా? "అక్కయ్యా, ఇది డ్రాపా!" అని ముక్కలు తిప్పి అందరికీ చూపించి పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కొంగు ముడి విప్పి, ఎనిమిది మడతలు పెట్టిన అయిదు రూపాయల నోటు తీసి, ఒక్కో మడతా విప్పి, మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసి నా ముందు పెట్టింది. ఆరు డ్రాపులకు ముప్పై రూపాయలు. ఫుల్ కౌంటు పడుతుందన్న భయంతో పడేసింది, పడేసి పడేసి ఒకటిన్నర ఫుల్ కౌంట్లు పోగొట్టుకుంది.

మర్నాడు పొద్దున గుమ్మంలో పాలవాడితో "పండగ వెళ్లాక ఇస్తాను నాయనా" అంటుంటే విన్నాను. ఆ ముప్పై అప్పటికి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. తిరిగివ్వడానికి నోరు రాలేదు. ఇస్తే ఆమె ఇంకా చిన్నబోతుందని సర్దిచెప్పుకున్నాను గానీ, అది కూడా నా సౌకర్యం కోసమే అనుకుంటాను.

అంచేత మీది పిరికితనం కాదు. డేనియల్ బెర్నూలీ అనే స్విస్ గణిత శాస్త్రవేత్త 1738లోనే ఇలాంటి లెక్క వేశాడు. ఒక పేదవాడికి లాటరీ టికెట్టు దొరికింది. తగిలితే 20,000 డకెట్లు (అప్పటి బంగారు నాణేలు), లేకపోతే సున్నా, రెండింటికీ సమాన అవకాశం. సగటున దాని విలువ 10,000. ఎవరైనా 9,000 ఇస్తానంటే పేదవాడు అమ్మేసుకోవడమే తెలివి. అదే టికెట్టును 9,000కు కొనకపోతే ధనవంతుడిది తెలివితక్కువ. టికెట్టు ఒకటే, ఇద్దరి నిర్ణయమూ సరైనదే. మా అబ్బాయి చెప్పిన 'తప్పు'కు నా జవాబు ఇదే.

పందెం పెంచితే ఎదుటివాడి చేయి వణుకుతుందన్న సంగతి పెద్దవాళ్లకూ తెలుసు. మీ పక్కనే డాలస్‌లో ఆండీ బీల్ అనే బ్యాంకు యజమాని ఉన్నాడు. 2001 నుంచి లాస్ వేగాస్ వెళ్లి, బెలాజియో అనే కాసినోలో హేమాహేమీలైన పోకర్ ఆటగాళ్లతో తలపడ్డాడు. అనుభవంలో వాళ్లదే పైచేయి. అందుకే వాళ్లకు ఊపిరాడనంత ఎత్తుకు పందేలు పెంచుతూ పోయాడు. 2004కల్లా ఒక్కో పందెం లక్ష, రెండు లక్షల డాలర్లకు చేరింది. ఆ స్థాయి ఎవరికీ ఒంటరిగా అందేది కాదు. ఆటగాళ్లంతా డబ్బు పోగేసుకుని, ఉమ్మడి సొమ్ముతో వంతులవారీగా కూర్చున్నారు. 2006 ఫిబ్రవరిలో ఆ జట్టు తరఫున ఫిల్ ఐవీ మూడు రోజుల్లో ఆయన దగ్గర కోటీ అరవై లక్షల డాలర్లకు పైగా గెలిచాడు.

ఉమ్మడి సొమ్ము అన్నాను కాబట్టి మీ అన్న మాట దగ్గరికి వస్తాను. "నీ బై-ఇన్ నేను వేస్తాలే" అన్నదానికి ఒప్పుకోవద్దు. ఆ ఆటగాళ్లు సాటివాళ్లతో పంచుకున్నారు, ఎదుట కూర్చున్నవాడి దగ్గర తీసుకోలేదు. ఆయన డబ్బుతో కూర్చుంటే, ఆయన రెయిజ్ చేసినప్పుడు (పందెం పెంచినప్పుడు) మీరు కాల్ చేస్తారా (అంతా పెట్టి నిలబడతారా)? గెలిచిన రోజు ఎవరి గెలుపు అది?

మా అబ్బాయి చెప్పిన ఇంకో లెక్క మీకు పనికొస్తుంది. ఆటనే నమ్ముకున్నవాళ్లు బై-ఇన్‌కు ఇరవై, ముప్పై రెట్లు విడిగా పెట్టుకుంటారట. 200 ఆటకు కనీసం నాలుగు వేలు. మీరు ఏడు నెలలు కూడబెట్టాలి. 20 ఆటకైతే నాలుగు వందలు చాలు. మీ ఆట అదీ.

ఈ మాట గ్రూపులో రాయకండి, మీ ఆవిడ వద్దంటోందని సాకూ చెప్పకండి. పాపం ఆ పిల్ల ఏం చేసింది! ఆ అన్నకు ఒక్కడికే ఫోన్ చేసి, "అన్నా, రెండొందలు నాకు ఎక్కువ. చిన్న ఆట పెట్టినప్పుడు చెప్పు, వస్తాను. పెద్ద ఆట రోజు తొమ్మిదింటి దాకా కూర్చుని, బిర్యానీ తిని వెళ్తాను" అనండి. ఆయన మరీ చెడ్డవాడేం కాదనుకుంటాను. నేను కూడా కాను, కాకపోతే నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న డబ్బుతో అందరి కొంగులూ కొలిచాను, అంతే.

ఆయన వినే మనిషైతే మా మామగారి పద్ధతి చెప్పండి. మరుసటి సంక్రాంతికి ఆయన ఆటకు ముందు అందరికీ చిన్న చీటీలు ఇచ్చారు. పేరు రాయకూడదు, పాయింటుకు ఎంతైతే హాయిగా ఆడగలరో అది మాత్రం రాసి చెంబులో వేయాలి. అన్నిటికంటే తక్కువ ఏది వస్తే ఆ రాత్రి ఆట అంతకే. ఒక చీటీలో 'రెండు పైసలు' అని వచ్చింది. రెండు పైసలకే ఆడాం. అది ఎవరు రాశారో అడిగినవాళ్లు లేరు. (ఆ ఉపాయం మామగారిది కాదని, అత్తయ్యదని చాలా ఏళ్లకు తెలిసింది.)

మరో సంగతి. పిజ్జా ఖర్చుకు ప్రతి పాట్ నుంచి డాలరు తీసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉందట. మీ దగ్గరా ఉంటే ఆపించండి. నేను లాయరును కాను గానీ, టెక్సస్ చట్టంలో ఇంటి ఆటలకున్న వెసులుబాటు, ఆడి గెలిచిన డబ్బు తప్ప ఎవరికీ ఇంకే రకమైన లాభమూ రాకపోతేనే. వీసా మీద ఉన్నవాళ్లు పిజ్జాకు విడిగా చందా వేసుకోవడం మేలు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో ఆదివారం సాయంత్రాలు రమ్మీ ఆడతాం. పాయింటుకు రూపాయే. పెద్దా చిన్నా తేడా లేకుండా మా వాచ్‌మన్‌ను కూడా కూర్చోబెట్టుకుంటాం. లెక్కలు నేనే పుస్తకంలో రాస్తాను. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా, అయినా ఒకాయన చట్టవిరుద్ధమని గొడవ చేస్తున్నారు. రూపాయి ఆటకు అంత రాద్ధాంతమా?
- అసోసియేషన్ సెక్రటరీ, హైదరాబాద్

జవాబు: కోర్టు చెప్పిన మాట నిజం. 1967 నవంబరులో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే చెప్పింది, మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని. కానీ 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పందెం ఉన్నచోట నైపుణ్యపు ఆట అన్న మినహాయింపును తీసేసింది. రూపాయా, వందా అని అది చూడదు. ఆ గొడవ చేస్తున్నాయన మాట వినండి, డబ్బు లేకుండా ఆడుకోండి.

నాకు అంతకంటే గుచ్చుకున్నది వాచ్‌మన్ మాట. ఫుల్ కౌంట్ పడితే మీకు ఎనభై రూపాయలు, అతనికి ఇంట్లో ఒక పూట కూర, పాలు. పైగా సెక్రటరీగారు రమ్మంటే రానని చెప్పే ఉద్యోగమా అది? పుస్తకం మీ దగ్గరే ఉందన్నారు. అతని పేరు కింద ఇప్పటిదాకా ఎంత పోయిందో కూడి, ఈ ఆదివారం లోపల ఇచ్చేయండి. నలుగురి ముందు మాత్రం ఇవ్వకండి.