పడేది ఒకే వాన కదా, మా బోరు నీళ్ళలో పప్పెందుకు ఉడకదు?

రాజురా తాలూకాలో మీ ఇంటి చేదబావి నీళ్ళలో పప్పు ఇట్టే ఉడుకుతోందని, పక్కనే వేసిన కొత్త బోరు నీళ్ళలో ఉడకడం లేదని, సబ్బు కూడా నురగ రావడం లేదని అడిగారు. నేను మహారాష్ట్రలోని మన చంద్రపూర్ జిల్లాలోనే నీటి పరీక్షలు చేస్తుంటాను. మన వైపు బోర్లకి ఇది మామూలే. వాన ఒకటే అయినా, అది ఏ మట్టి దాటి, ఏ రాతిలో, ఎంతకాలం ఉందన్నదాన్ని బట్టి నీళ్ళ గుణం మారిపోతుంది.

వాన నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త ఆమ్లంగానే పడతాయి, పీహెచ్ (ఆమ్లగుణం కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం) సుమారు 5.6. అసలు బలం మట్టిలో వస్తుంది. వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలే ఊపిరితో మట్టి సందుల్లో ఆ వాయువు బయటి గాలిలో కంటే పదుల రెట్లు ఉంటుంది. ఆ నీళ్ళు సున్నపురాయికి తగిలితే రాయి కరిగి కాల్షియం, బైకార్బొనేట్ వచ్చి చేరతాయి. గడ్‌చందూర్ చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది ఈ రాయి కోసమే. మీరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే, కాస్త గోకి దాని మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని పొంగితే అది సున్నమే. చేదబావిలోకి ఏటా కొత్త వాన నీళ్ళు దిగుతాయి, రాతిలో అంతకాలం ఉండవు. అందుకే తేలిక.

పప్పు ఉడకనివ్వనిదీ, సబ్బు నురగ రానివ్వనిదీ ఈ కాల్షియమే, దీన్నే కఠినత్వం అంటారు. మరిగిస్తే కొంత తగ్గుతుంది. దాని గురించి టెన్షన్ పడకండి. నాకు భయమల్లా వేరే బోర్ల గురించి. నీళ్ళు బంకమట్టి పొరల్లో చాలాకాలం నిలిస్తే, మట్టి కాల్షియం తీసుకొని సోడియం ఇస్తుంది. అప్పుడు సబ్బు చక్కగా నురగ వస్తుంది, జనం మంచి నీళ్ళంటారు. కానీ రాతిలోంచి వచ్చే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచేది కాల్షియమే. అది తగ్గితే ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది. రుచీ ఉండదు, వాసనా ఉండదు, పిల్లల పళ్ళ మీద మరకలు పడ్డాకే తెలుస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మరిగిస్తే పోదు, నీళ్ళు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

చేదబావి తేలికగా ఉందని దాన్నీ వదిలేయకండి. పశువుల కొట్టమో, మరుగుదొడ్డి గుంతో దగ్గర్లో ఉంటే నైట్రేట్ దిగుతుంది, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

బోరు కాసేపు నడిచాక, అదే నీళ్ళతో సీసా తొలిచి పట్టండి. బావి నీళ్ళు వేరే సీసాలో. రెండింటికీ కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్ మూడూ చూడమనండి. ఎండాకాలంలో కొత్త వాన నీళ్ళు కలవవు కాబట్టి మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి చేయిస్తే తేడా తెలుస్తుంది. రిపోర్టు అంకెలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.