పంపిణీ గోదాముకు ప్రాంతం ఎంచుకోవడం: హైవే పక్కన ఉంటే చాలా?

మూడు పట్టణాలకు నడుమ, హైవే పక్కనే స్థలం దొరికింది, గోదాము పెట్టొచ్చా అని అడిగారు. లారీలకు రూట్లు వేసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా: మ్యాపులో నడుమ ఉన్నంత మాత్రాన స్థలం కొనేయకండి.

ముందు గంటలు లెక్కేయండి. డ్రైవరు రోజుకు 9 గంటలు నడుపుతాడనుకుందాం (యూరోపియన్ యూనియన్‌లో మామూలు రోజుకు పరిమితి ఇదే; నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి). సగటున గంటకు 50 కిలోమీటర్లు నడిస్తే, అదే రోజు తిరిగి రాగలిగేది 225 కిలోమీటర్ల దూరం నుంచే. రద్దీ, గేట్లు, చెక్‌పోస్టుల వల్ల సగటు 40కి పడితే అది 180. వేగం ఐదో వంతు తగ్గితే, ఒక్క రోజులో అందే విస్తీర్ణం మాత్రం 36 శాతం పోతుంది, ఎందుకంటే విస్తీర్ణం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి మారుతుంది. ఫోన్‌ మ్యాపు చూపే కారు సమయాన్ని నమ్మొద్దు. లోడు నింపిన లారీతో, మీరు నిజంగా బయల్దేరే వేళకే నాలుగైదు రోజులు నడిపించి చూడండి. పగటిపూట లారీలను రానివ్వని పట్టణాలుంటే ఆ లెక్క వేరే.

ఆ తర్వాత బరువు. ఒక్కో పట్టణానికి నెలకు వెళ్లే టన్నుల్ని దాని అక్షాంశంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం టన్నులతో భాగించండి. రేఖాంశానికీ అంతే. వచ్చిన బిందువు చుట్టుపక్కల వెతకండి. చాలామంది కొనేవాళ్లనే లెక్కలోకి తీసుకుని, సరుకు వచ్చే చోట్లను వదిలేస్తారు. అక్కడే బిందువు తప్పుతుంది. ఫుల్ లోడుకు టన్ను కిరాయి తక్కువ కాబట్టి టన్నుల్ని కిరాయి రేటుతో కూడా గుణిస్తే ఇంకా నిక్కచ్చిగా వస్తుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది రిటర్న్ లోడు, అంటే తిరుగు ప్రయాణంలో లారీకి దొరికే సరుకు. కొనడమే తప్ప బయటికి పంపేదేమీ లేని ప్రాంతం నుంచి లారీ ఖాళీగా వస్తుంది, పోనూ రానూ ఖర్చు మీ సరుకు మీదే పడుతుంది. చుట్టూ ఫ్యాక్టరీలు గానీ రేవు గానీ ఉన్న చోటు 30 కిలోమీటర్లు పక్కకున్నా నేను దానికే ఓటేస్తా.

రెండో దారి ఉందో లేదో కూడా చూసుకోండి. 2018లో యూరప్‌లోని రైన్ నదిలో నీరు బాగా తగ్గి, బార్జులు (సరుకు మోసే పడవలు) లోడు తగ్గించుకుని నడవాల్సి వచ్చింది. ఆ నది మీదే ఆధారపడ్డ ఫ్యాక్టరీలు ఇబ్బంది పడ్డాయి. మీ స్థలానికి చేరే దారిలో ఒకే వంతెన ఉంటే, అది మూతబడిన రోజున ఎంత చుట్టు తిరగాలో కొనకముందే కొలవండి.