టెక్ సందేహాలు: డ్రైవర్ లేని కారును ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సెల్ఫ్ డ్రైవింగ్ కార్ల గురించే. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను వచ్చే వారానికి ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం చేస్తోంది. రాత్రి ఆలస్యమైతే వేమో కారులో ఇంటికి వెళ్తోందట. వీడియో కాల్‌లో చూపించింది. డ్రైవర్ సీటు ఖాళీ, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఎక్కొద్దని చెప్పమంటారా? (ఒక తల్లి, గుంటూరు)

ఎక్కొద్దని చెప్పనక్కర్లేదమ్మా. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో ఊరికే ధైర్యం చెబితే సరిపోదు.

వేమో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌ది. 2009లో గూగుల్‌లో ఒక ప్రాజెక్టుగా మొదలైంది. డ్రైవర్ లేని కారును అందరికీ అందుబాటులోకి తెచ్చింది 2020లో, ఫీనిక్స్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరైనా బుక్ చేసుకునే వీలు 2024 జూన్‌లో వచ్చింది. అంటే మీ అమ్మాయి ఎక్కుతున్నది నిన్నగాక మొన్న రోడ్డెక్కిన ప్రయోగం కాదు. 2025లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ కార్లు డ్రైవర్ లేకుండా తిరిగిన 5.67 కోట్ల మైళ్ళను అవే నగరాల్లో మనుషులు నడిపే కార్లతో పోల్చారు. తీవ్ర గాయాలయ్యే ప్రమాదాలు 85 శాతం, పాదచారులు గాయపడే ప్రమాదాలు 92 శాతం తక్కువగా తేలాయి. అధ్యయనం చేసింది వేమో ఇంజినీర్లే. కానీ నిపుణులు పరిశీలించాకే అది పత్రికలో అచ్చయింది, ప్రమాదాల డేటాను కంపెనీ బయట పెడుతోంది కూడా. కాబట్టి దాన్ని ప్రకటన కింద కొట్టిపారేయలేం.

అయితే ఈ లెక్క చెప్పని సంగతులూ ఉన్నాయి. ఆ మైళ్ళను పోల్చింది ఊళ్ళో వీధుల్లోనే. ఫ్రీవేల (వేగంగా వెళ్ళే హైవేల) మీదికి మామూలు ప్రయాణికులను తీసుకెళ్ళడం వేమో 2025 నవంబరులో మొదలుపెట్టింది. అక్కడి వేగం వేరు, అక్కడ జరిగే ప్రమాదాల తీరు వేరు. ఇక మరణాల సంగతి. అమెరికాలో మనుషులు నడిపే బండ్లు పది కోట్ల మైళ్ళు తిరిగితే జరిగే మరణాలు ఒకటికి కాస్త పైన. అంత అరుదుగా జరిగేదాన్ని ఐదారు కోట్ల మైళ్ళతో తేల్చలేం. ఒక్క మరణం కూడా లేకుండా 27.5 కోట్ల మైళ్ళు నడిస్తేగానీ మరణాల విషయంలో మనుషులకు తీసిపోదని గట్టిగా చెప్పలేమని ర్యాండ్ పరిశోధన సంస్థ 2016లోనే లెక్కగట్టింది. గాయాల విషయంలో మంచి ఆధారం ఉంది, మరణాల విషయంలో ఇంకా మైళ్ళు కావాలి. నిజాయితీగా చెప్పగలిగేది ఇంతవరకే.

నేను కంపెనీలను కొలిచే కొలమానం ఇంకొకటి ఉంది: తప్పు జరిగిన మర్నాడు వాళ్ళు ఏం చేశారు? అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023 అక్టోబర్ 2న, ఒక మనిషి నడుపుతున్న కారు ఒక మహిళను గుద్దింది. ఆమె ఎగిరి పక్కనే వస్తున్న క్రూజ్ అనే కంపెనీ రోబోట్యాక్సీ (డ్రైవర్ లేని ట్యాక్సీ) ముందు పడింది. ఆ కారు బ్రేక్ వేసినా ఆమెకు తగిలింది. తర్వాత, ఆమె కింద ఉండగానే, రోడ్డు పక్కకు ఆగాలనుకుని దాదాపు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. పక్కకు తీసి ఆపడం మామూలుగా సరైన పనే. కింద మనిషి ఉందని దానికి తెలియలేదు. అంతకంటే ఘోరం ఆ తర్వాత జరిగింది. ఈడ్చుకుపోయిన సంగతిని ప్రభుత్వ అధికారులకు కంపెనీ సరిగ్గా చెప్పలేదు. మూడు వారాల్లోనే కాలిఫోర్నియా రవాణా శాఖ పర్మిట్లు ఆపేసింది. తప్పుడు నివేదిక ఇచ్చామని ఒప్పుకుని 2024 నవంబరులో క్రూజ్ 5 లక్షల డాలర్లు కట్టింది. ఆ మరుసటి నెలలోనే దాని యజమాని జనరల్ మోటార్స్ రోబోట్యాక్సీ పనికి డబ్బు ఆపేసింది. ఆరోజే నిజం మొత్తం చెప్పి ఉంటే ఈ కార్ల మీద జనానికి ఇంత అనుమానం పెరిగేది కాదని నా నమ్మకం.

వేమోకూ మచ్చ లేకపోలేదు. పిల్లల కోసం ఆగి ఉన్న స్కూల్ బస్సులను దాటి వెళ్ళిపోతున్నాయని ఆస్టిన్‌లో ఫిర్యాదులు రావడంతో 2025 చివర్లో సాఫ్ట్‌వేర్ రీకాల్ (కార్లన్నిటిలో లోపాన్ని సరిదిద్దడం) చేయాల్సి వచ్చింది. అదే డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరెంటు పోయి సిగ్నళ్ళు ఆరిపోతే చాలా కార్లు కూడళ్ళలోనే నిలిచిపోయాయి.

మీ అమ్మాయికి చెప్పాల్సినవి: వెనక సీట్లోనైనా బెల్ట్ తప్పనిసరి. దిగేటప్పుడు తలుపు తీసే ముందు వెనక సైకిళ్ళు వస్తున్నాయేమో చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట. ఎవరైనా ఎదురుగా నిలబడితే ఈ కారు కదలదు. 2024లో ఇద్దరు మగవాళ్ళు ఇలాగే అడ్డం నిలబడి లోపలున్న అమ్మాయిని ఫోన్ నంబరు అడిగి వేధించారు. అలాంటప్పుడు తలుపు తీయకుండా, కారులోని హెల్ప్ బటన్ నొక్కి కంపెనీ మనుషులతో మాట్లాడాలి, అవసరమైతే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. ఆ బటన్ ఎక్కడుందో మొదటి రైడ్‌లోనే చూసి పెట్టుకోమనండి.

ప్రశ్న: అడాస్ (డ్రైవర్‌కు సాయం చేసే సిస్టమ్) లెవల్ 2 ఉన్న కొత్త ఎస్‌యూవీ కొన్నాం. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే మా ఆయన స్టీరింగ్ మీద ఒక వేలు ఆనించి ఫోన్ చూస్తూ కూర్చుంటున్నారు. "కారే నడుపుకుంటుంది" అని షోరూమ్‌లో చెప్పారట. నిజమేనా? (గృహిణి, హైదరాబాద్)

నిజం కాదండీ. మీ ఆయనకు ఇది ఈరోజే చదివి వినిపించండి.

అమెరికాలో ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం సున్నా నుంచి ఐదు వరకు లెవల్స్ పెట్టింది. రెండో లెవల్ దాకా నడిపేది మనిషే. కారు లేన్‌లో ఉండడానికి, ముందు బండికి దూరం పాటించడానికి సాయం చేస్తుంది, అంతే. మూడో లెవల్‌లో కొన్ని షరతుల్లో కారు నడుపుతుంది, పిలిస్తే మాత్రం మనిషి వెంటనే అందుకోవాలి. వేమో నాలుగో లెవల్: తనకు నిర్ణయించిన ప్రాంతంలో మనిషి అవసరమే లేదు. ఐదో లెవల్ కారు, అంటే ఎక్కడైనా ఎప్పుడైనా నడిచేది, ప్రపంచంలో ఎక్కడా లేదు. అమెరికాలో అమ్మే టెస్లా "ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్" కూడా రెండో లెవలే. 2024లో ఆ పేరు పక్కన "సూపర్‌వైజ్డ్" అని చేర్చారు.

నా దృష్టిలో ఈ మొత్తం వివాదంలో అన్నిటికంటే ప్రమాదకరమైన కారు, మీ ఇంట్లో ఉన్న ఇలాంటి సగం కారే. వంద సార్లు బాగా నడుస్తుంది. దాంతో మనసు పక్కకు పోతుంది. నూట ఒకటోసారి అది తడబడినప్పుడు చూసే కన్ను ఉండదు. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపేలో జరిగింది ఇదే. ఊబర్ పరీక్షిస్తున్న సెల్ఫ్ డ్రైవింగ్ కారు, రాత్రి పూట సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. సెన్సర్లు ఆమెను 5.6 సెకన్ల ముందే గుర్తించాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని, ఇంకోసారి ఏదో తెలియని వస్తువని మార్చి మార్చి అనుకుంది. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే దాన్ని తయారుచేసినవాళ్ళు అందులో పెట్టలేదు. కాపలాగా కూర్చున్న ఉద్యోగి ఫోన్‌లో షో చూస్తున్నారు. రోడ్డు చూడడానికే జీతం తీసుకుంటున్న మనిషి పరిస్థితే అది.

మన దగ్గర జీబ్రా క్రాసింగ్ చూసుకుని దాటేవాళ్ళెంతమంది? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు వాట్సాప్ చూస్తే 110 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. రోడ్డు మీద ఆగి ఉన్న బండ్లను సిస్టమ్ గుర్తించకపోవచ్చని చాలా కార్ల మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంటుంది. లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలు మన హైవేల మీద ఎన్ని ఉంటాయో మీకు తెలియనిది కాదు.

అడాస్ పనికిరానిదని అనడం లేదు. ఎమర్జెన్సీ బ్రేక్, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ప్రాణాలు కాపాడతాయి, ఆన్‌లోనే ఉంచండి. చేతులు స్టీరింగ్ మీద, కళ్ళు రోడ్డు మీద ఉండాలి, ఫోన్ మీ బ్యాగులో ఉండాలి.

ప్రశ్న: టెస్లా కెమెరాలు చాలంటుంది, వేమో లైడార్ కావాలంటుంది. ఎవరు కరెక్ట్? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

ఇప్పటిదాకా రోడ్డు మీద కనిపించిన ఫలితాన్ని బట్టి నా ఓటు వేమోకే. లైడార్ లేజర్ కాంతి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. చీకటైనా తేడా ఉండదు. కెమెరా దూరాన్ని కొలవదు, బొమ్మను బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా వేయాలి. మనిషి రెండు కళ్ళతోనే నడుపుతున్నాడు కదా అన్నది టెస్లా వాదన. 2021లో రాడార్‌ను కూడా తీసేయడం మొదలుపెట్టింది. ఎండ కళ్ళల్లో కొట్టినప్పుడు, పొగమంచులో, దుమ్ములో జరిగిన ప్రమాదాల మీద అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2024 అక్టోబరులో దాదాపు 24 లక్షల టెస్లా కార్లపై దర్యాప్తు మొదలుపెట్టింది. కెమెరాకు కష్టమైన పరిస్థితులు సరిగ్గా ఇవే. లైడార్ ఖరీదెక్కువ అన్న మాట ఒకప్పుడు బలమైనది, ధరలు పడిపోతున్నకొద్దీ అది బలహీనపడుతోంది.

ప్రశ్న: ఇలాంటి కారు యాక్సిడెంట్ చేస్తే కేసు ఎవరి మీద? (న్యాయవాది, తిరుపతి)

దేశాన్ని బట్టి మారుతోంది. బ్రిటన్ 2024లో తెచ్చిన చట్టం నాకు నచ్చింది. కారు సొంతంగా నడుస్తున్నంతసేపు దాని డ్రైవింగ్‌కు కంపెనీదే బాధ్యత, లోపల కూర్చున్నవాళ్ళది కాదు. జాగ్రత్తగా, సమర్థంగా నడిపే మనిషికి తీసిపోకూడదన్న ప్రమాణం కూడా పెట్టారు. కాలిఫోర్నియాలో 2025 సెప్టెంబరులో శాన్ బ్రూనో పోలీసులు అడ్డదిడ్డంగా యూ టర్న్ తీసుకున్న వేమో కారును ఆపారు. చలానా రాద్దామంటే డ్రైవర్ లేడు. కంపెనీకే నోటీసు ఇచ్చే వీలు కల్పించిన చట్టం అమలు తేదీ 2026 జులై. సగం కార్ల విషయంలో మయామీ జ్యూరీ 2025 ఆగస్టులో ఇచ్చిన తీర్పు చూడండి. టెస్లా కారులో ఆటోపైలట్ అనే డ్రైవర్ సాయం సిస్టమ్ నడుస్తుండగా జరిగిన ప్రమాదంలో, కిందపడిన ఫోన్ కోసం వంగిన డ్రైవర్‌ది 67 శాతం తప్పు, టెస్లాది 33 శాతం అని తేల్చింది. టెస్లా అప్పీలుకు వెళ్తామంది. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, డ్రైవర్ అంటే మనిషే అన్న లెక్కతో రాసింది. అడాస్ ఆన్‌లో ఉందన్న మాట ఇక్కడ మీ క్లయింట్‌ను కాపాడదు.

ప్రశ్న: క్యాబ్ నడుపుతాను. కారు ఈఎంఐ ఇంకా నాలుగేళ్ళుంది. ఇవి మన దేశానికి వచ్చేస్తే మా సంగతేంటి? (క్యాబ్ డ్రైవర్, విజయవాడ)

మీ భయం ఉత్తదని చెప్పను. చైనాలోని ఊహాన్‌లో బైడూ రోబోట్యాక్సీలు వందల్లో దిగాక 2024లో అక్కడి ట్యాక్సీవాళ్ళు తమ బేరాలు పోతున్నాయని గగ్గోలు పెట్టారు. కానీ ఈ నాలుగేళ్ళలో విజయవాడలో మీ బేరం రోబో లాక్కుంటుందని నేను అనుకోవడం లేదు. డ్రైవర్ల ఉపాధి పోతుందని, ఇలాంటి కార్లను దేశంలోకి రానివ్వనని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో బహిరంగంగానే అన్నారు. మంత్రులు మారితే మాట మారవచ్చు, రోడ్లు అంత త్వరగా మారవు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద కెమెరాతో తిరిగి, 10 వేల చిత్రాలతో మన రోడ్ల డేటాసెట్ తయారుచేశారు. ఆటోలకు, పశువులకు అందులో వేరే పేర్లు పెట్టాల్సి వచ్చింది. విదేశీ డేటాతో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఇక్కడ తడబడేది అందుకే. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ పేరుతో 2022లో టెస్ట్ ట్రాక్ పెట్టి, డ్రైవర్ లేని చిన్న బస్సులను క్యాంపస్ లోపల నడుపుతున్నారు. గేటు దాటి బెంజ్ సర్కిల్ లాంటి కూడలికి రావాలంటే చాలా పని ఉంది.

ఈఎంఐ కట్టండి. ఈ కారు అయిపోయాక మళ్ళీ ఏడేళ్ళ లోన్‌తో ఇంకో క్యాబ్ తీసుకోవాలనుకుంటే మాత్రం, అప్పటికి బెంగళూరు, హైదరాబాద్‌లో ఏం జరుగుతోందో చూసి నిర్ణయించుకోండి.