మా వాడు తూటా డైలు అంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. వాళ్ల మేనమామ ఆటోనగర్‌లో పాత చిన్న లేత్ మిషన్ ఒకటి కొనిచ్చాడు. అప్పటి నుంచి వాడికి వేరే లోకం లేదు. రాత్రి పదకొండైనా ఇనుప ముక్కకు రంధ్రం చేయడం, కొలవడం, బాగా రాలేదని పక్కన పడేయడం, మళ్లీ మొదలుపెట్టడం. ఈమధ్య వాడి ఫోన్ చూస్తే అమెరికావాళ్లు ఇంట్లో లేత్ మీద తుపాకీ తూటాలు ఒత్తే డైలు చేస్తున్న వీడియోలు కనిపించాయి. భయమేసి షెడ్డుకు తాళం వేశాను. వాడేమో టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా చేస్తానంటున్నాడు. మేం ఎంపీసీలో చేర్చి, సీఎస్ఈ ఏఐ చదివిద్దామనుకున్నాం. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. – ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: నమస్కారమండీ. ముందు తూటాల సంగతి తేల్చేద్దాం. అది తేలితే గానీ మిగతాది మీ తలకెక్కదు.

అమెరికాలో తూటాలు సొంతంగా చేసుకోవడం పాత హాబీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేటగాళ్లకు మంచి తూటాలు దొరకని రోజుల్లో, కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊళ్లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన వాటిని ఒత్తే డైలు, అంటే లోహానికి ఆకారం తెప్పించే ఉక్కు అచ్చులు, చేయడం మొదలుపెట్టాడు. ఆయన కంపెనీ పేరు ఆర్‌సీబీఎస్‌లో చివరి రెండక్షరాలు బుల్లెట్ స్వేజ్ అనే మాటలవే. సీసం ముక్కను రాగి తొడుగులో పెట్టి, గట్టిపరచిన ఉక్కు డైలోకి నెట్టి, వేడి చేయకుండా ఒత్తిడితోనే ఆకారం తెప్పించడాన్ని వాళ్లు స్వేజింగ్ అంటారు. అక్కడ చట్టం దానికి చోటిచ్చింది కాబట్టి వీడియోలు పెట్టుకుంటారు.

ఇక్కడ ఆ చోటు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా భాగాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ‘డై ఒక్కటే చేశాను, తూటా చేయలేదు’ అని స్టేషన్‌లో వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దు. వీడియో చూడటం నేరం కాదు. ఇంట్లో చేయడం మాత్రం వద్దు. ఈ మాట వాడికి మీరే చెప్పండి. తాళం వేసి ఊరుకుంటే, ఎందుకు వేశారో తెలియక మేనమామ షెడ్డుకు వెళ్లి చేస్తాడు.

ఆ భయం అక్కడితో సరి. మీరు రాసిందాంట్లో నేను రెండుసార్లు చదివిన వాక్యం వేరే ఉంది. చేయడం, కొలవడం, పక్కన పడేయడం, మళ్లీ మొదలుపెట్టడం. వాడి మనసు తూటా మీద ఉన్నట్టు నాకైతే అనిపించలేదు, ఆ రంధ్రం మీద ఉంది.

ఎందుకో చెబుతాను. చిన్న లేత్ మీద ఉక్కులో నున్నటి, నిటారు రంధ్రం తీయడం చూసినంత తేలిక కాదు. రంధ్రం లోపలి గోడను కోసే కడ్డీని బోరింగ్ బార్ అంటారు. అది సన్నగా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ ఒత్తిడికి వంగుతుంది. దాంతో రంధ్రం మూతి దగ్గర ఒక సైజు, అడుగున ఇంకో సైజు వస్తుంది. కట్ తగ్గిస్తే టూల్ కోయకుండా రాసుకుపోతుంది, పెంచితే మిషన్ అదిరి లోపలంతా గీతలు పడతాయి. డయల్ గేజ్ పెట్టి చూస్తే, ముక్కను పట్టుకుని తిప్పే చక్ కూడా కొంచెం తిరుగుడు తేడాతో ఉంటుంది. ఇవన్నీ దాటుకుని సైజు తెచ్చాక, ఆ ఉక్కును గట్టిపరచడానికి కొలిమిలో పెడితే సైజు మళ్లీ మారుతుంది. అందుకే డైలు చేసే వర్క్‌షాపుల్లో, అంటే టూల్ రూముల్లో, ముందే కాస్త మెటల్ వదిలిపెట్టి, గట్టిపరిచాక గ్రైండింగ్‌లోనో, సన్నటి పొడితో రుద్దే ల్యాపింగ్‌లోనో అసలు సైజుకు తెస్తారు. మిల్లీమీటరు మందం రేకును కోసే డైలో పైనుంచి దిగే పంచ్‌కూ కింది డైకీ మధ్య ఒక్కోవైపు సందు దాదాపు 0.05 మిల్లీమీటరు. అది చుట్టూ సమంగా లేకపోతే కోసిన ప్రతి ముక్కకూ ఒక పక్క బర్ (అంచున గరుకు మొన) వస్తుంది. ఎవరూ నేర్పకుండా మీ అబ్బాయి కుస్తీ పడుతున్నది దీనితోనే. పదిహేనేళ్లకే తన పనిని తనే కొలిచి, బాగాలేదని తనే పక్కన పడేసే పిల్లలు నాకెక్కువ మంది తగల్లేదు. మార్కులొచ్చిన పిల్లలు మాత్రం రోజూ కనిపిస్తారు.

తూటా బదులు వాడికి వేరే పని ఇవ్వండి. రాగి తీగ ముక్కకు రివెట్ తల కొట్టే చిన్న డై, వాషర్లు కోసే చిన్న ప్రెస్ టూల్. అదే ఉక్కు, అవే కొలతలు, అదే కష్టం. బోల్టులు, రివెట్లు చేసే ఫ్యాక్టరీల్లో నడిచేది కూడా ఈ చల్లటి ఒత్తుడు పనే.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీరు ఇంత రాశారు, వాడితో కూర్చుని మాట్లాడినట్టు ఒక్క ముక్క లేదు. ఫోన్ వెతికారు, తాళం వేశారు, నాకు రాశారు. తూటా డైలు మీకు దొరికిన సాకు అని నా అనుమానం. అసలు టెన్షన్, ‘మాస్టారి కొడుకు లేత్ వర్కరా’ అని రేపు పెళ్లిలో ఎవరో అంటారని. మాస్టారో, బ్యాంకు ఉద్యోగో, మీరేం చేస్తారో రాయలేదు గానీ ఈ ప్రశ్న నా దగ్గరికి ఎప్పుడూ ఇదే రూపంలో వస్తుంది. ఒకసారి వెల్డింగ్, ఒకసారి వంట, ఒకసారి కార్పెంటరీ. కింద ఉన్న భయం ఒక్కటే: నూనె అంటిన చొక్కా. దాన్ని పిల్లవాడి భవిష్యత్తు అని పేరుపెట్టి నా చేత ఒప్పించాలని చూడకండి.

పోలిక అడిగారు, చెబుతాను. పాలిసెట్, ఎంపీసీ, ఈఏపీసెట్ వివరాలు మీ బంధువుల్లో ఎవరినడిగినా చెబుతారు, వాటి జోలికి వెళ్లను.

సీఎస్ఈ మీద నాకు కోపం లేదు. ఆ పేరుకు వెనక బ్రాకెట్లో తగిలిస్తున్న మాటల మీదే నా అనుమానమంతా. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని ఈ సీట్లు తెచ్చుకున్న కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సీట్లు పెరిగినంత వేగంగా వాటిని చెప్పగల అధ్యాపకులు ఎక్కడి నుంచి వచ్చారు? చేరబోయే కాలేజీకి వెళ్లి, ఏఐ సబ్జెక్టులు చెప్పేవాళ్లు ఏం చదివారో, ఎన్నాళ్లుగా అక్కడున్నారో అడగండి. జవాబు తడబడితే మీకే అర్థమవుతుంది. పైగా మొదటి ఉద్యోగంలో కొత్తవాళ్లతో చేయించే చిల్లర కోడింగ్ పనే ఇప్పుడు ఏఐ టూల్స్ ముందుగా చేసేస్తున్నాయి. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లవాడికి ఇదేం అడ్డు కాదు. నాన్న చెప్పాడని చేరినవాడికి మాత్రం అడ్డే. మేనేజ్‌మెంట్ సీటుకు అప్పుచేసి మరీ చేర్చాలనుకుంటున్నారేమో మీరు రాయలేదు. అలాంటి ఆలోచనే ఉంటే మానుకోండి.

అలాగని టూల్ అండ్ డై బంగారు బాట అని చెప్పను. నేర్చుకునే రోజుల్లో గంటల తరబడి నిలబడి పని. చేతికి ఫైల్ ఇచ్చి ఇనుప దిమ్మెను మట్టంగా రాయమంటే వారాల కొద్దీ రాయాలి. మొదటి జీతం మీ బంధువు కొడుకు సాఫ్ట్‌వేర్ జీతం పక్కన పెడితే చిన్నబోతుంది. నాలుగైదేళ్లు చేయి తిరిగాక, ఒక పార్ట్ డ్రాయింగ్ చూసి దానికి టూల్ ఎలా ఉండాలో చెప్పగలిగే స్థాయికి వచ్చాక లెక్క మారుతుంది. అంతవరకు ఓపిక పట్టలేక మధ్యలో సేల్స్‌కు వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఇక మూడు నెలల్లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్ల) ప్రోగ్రామర్ చేస్తామనే బోర్డులను నమ్మకండి. స్క్రీన్ మీద సిమ్యులేషన్ చూపిస్తారు, ఉక్కు ముట్టుకోనివ్వరు.

నిజంగా నేర్పే చోట్లున్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, అందరూ సీఐటీడీ అంటారు. 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొదలైంది, కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ కింద నడుస్తుంది. పదో తరగతి మీద టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్ డిప్లొమా 4 ఏళ్లు, ప్రవేశానికి వాళ్ల పరీక్ష వాళ్లదే. మీకు దగ్గరలో విజయవాడలోనూ శాఖ ఉంది, ఏ కోర్సు ఎక్కడ ఉందో ఆ ఏటి నోటిఫికేషన్ చూడండి. బెంగళూరులో ఇలాంటివే జీటీటీసీ, ఎన్‌టీటీఎఫ్ అనే శిక్షణ సంస్థలు ఉన్నాయి. అంత దూరం పంపలేకపోతే ఐటీఐలో టూల్ అండ్ డై మేకర్ ట్రేడ్ 2 ఏళ్లు. ఐటీఐ అనగానే మీ ముఖం ఎలా మారిందో ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

తూటాల మీదే వాడికి నిజంగా ఆసక్తి ఉంటే దానికీ చట్టబద్ధమైన దారి ఉంది. సైన్యానికి చిన్న ఆయుధాల తూటాలు పుణె దగ్గర ఖడ్కీలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారవుతాయి. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను 2021లో 7 కంపెనీలుగా విడగొట్టినప్పుడు అది మ్యూనిషన్స్ ఇండియా కిందికి వచ్చింది. తూటాల ఉత్పత్తి ఆగకుండా సాగాలంటే డైలు ఉండాల్సిందే, డైలు అరిగేవే, వాటిని చేసేవాళ్లు కావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ లాంటి చోట్లా మిషన్ పని తెలిసినవాళ్లకు, అప్రెంటిస్‌లకు చోటుంది.

తేల్చి చెప్పమన్నారు కాబట్టి: మీ అబ్బాయి విషయంలో నేనైతే డిప్లొమాకే మొగ్గుతాను. డిప్లొమాతో చదువు ఆగిపోతుందన్న బెంగ వద్దు. డిప్లొమావాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఎప్పటి నుంచో ఉంది. సీఐటీడీలోనే ఉస్మానియా అనుబంధంతో టూల్ డిజైన్‌లో ఎంఈ వరకు ఉంది. ఒకవేళ రెండేళ్ల తర్వాత వాడికే విసుగొచ్చి కంప్యూటర్లన్నా కొంప మునగదు. లేత్ మీద నేర్చిన కొలతల బుద్ధి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, రోబోల పనిలో అక్కరకొస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడి నిర్ణయం జన్మకు సరిపడా ఖరారు కావాలని ఎవరూ శాసనం రాయలేదండీ. మీరు ఇంటర్లో తీసుకున్న గ్రూపుకూ ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికీ ఎంత సంబంధం ఉందో ఒకసారి చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. టూల్ రూముల డిప్లొమాలన్నింటికీ ఈసెట్ అర్హత ఒకేలా ఉంటుందనుకోకండి. చేరేముందు ఆ సంస్థనూ, ఈసెట్ నిబంధనలనూ రెండింటినీ చూసి, అర్హత ఉందని కాగితం మీద రాయించుకోండి. వయసు పరిమితి కూడా చూసుకోండి, ఏడాది ఆలస్యమైతే కొందరికి చేయి దాటిపోతుంది. దరఖాస్తుకు ముందు వాణ్ని ఒకరోజు తీసుకెళ్లి టూల్ రూమ్ చూపించమని అడగండి. వాడు చేసిన ముక్కల్లో ఒకటి, పక్కన పడేసిన వాటిలో ఒకటి జేబులో వేసుకెళ్లమనండి. అక్కడి ఇన్‌స్ట్రక్టర్లు సర్టిఫికెట్ల కన్నా ముందు వాటినే చేతిలోకి తీసుకుని చూస్తారు.

ఈలోగా లేత్ ముందు నిలబడేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. గ్లౌజులు, వదులు చేతుల చొక్కాలు, మెడలో తాడు వద్దు, తిరిగే చక్ వాటిని లాక్కుంటే చేయి కూడా పోతుంది. చక్ కీ దానిలోనే వదిలేసి స్విచ్ వేయకూడదు. చిప్స్ చేత్తో తీయకూడదు, బ్రష్ పెట్టమనండి. పాత మిషన్ కాబట్టి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. రాత్రి తొమ్మిది తర్వాత ఆపేయాలని మీరూ వాడూ కలిసి ఒక మాట అనుకోండి. ఇంటర్లో చేరినా, డిప్లొమాలో చేరినా పొద్దున్నే లేవాలి కదా.