మీటింగ్ తెగిపోతుంటే ప్లాన్ పెంచాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నాది ఇంటి నుంచి ఉద్యోగం. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉన్నా సాయంత్రం ఆరు దాటిందంటే వీడియో మీటింగ్‌లో మాట తెగిపోతోంది. ఆపరేటర్‌ను అడిగితే 300 ప్లాన్ తీసుకోమంటున్నారు. తీసుకోనా, కంపెనీయే మార్చేయనా?

ముందైతే డబ్బు కట్టకండి. వీడియో మీటింగ్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. 4కె సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. మీ మీటింగ్ నడుస్తుండగా పక్క గదుల్లో రెండు టీవీలు ఆడినా 100లో సగం కూడా వాడరు. మీ ఇబ్బంది వేగం తక్కువై వచ్చింది కాదు, లైను నిలకడగా లేక వచ్చింది. ఆ నిలకడ ఎక్కడ పోతోందో మీరే కనిపెట్టవచ్చు.

మాట తెగే సమయంలోనే ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు విండోల్లో తెరవండి. ఒకదానిలో పింగ్ (ping) అని కొట్టి మీ రూటర్ అడ్రస్ ఇవ్వండి, అవతలి నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తోందో అది చూపిస్తుంది. రూటర్ అడ్రస్ దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. రెండోదానిలో 8.8.8.8 ఇవ్వండి, అది గూగుల్ సర్వర్. చివర ఒక ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం చేర్చితే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రూటర్ నుంచి జవాబు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. అదే వందలకు ఎగబాకుతుంటే తప్పు లైనుది కాదు, మీ వైఫైది. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరేసరికి అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కిక్కిరిసిపోతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, లేదా మీటింగ్ ల్యాప్‌టాప్‌కు రూటర్ నుంచి లాన్ కేబుల్ వేయించుకోండి. నన్నడిగితే కేబులే మేలు.

రూటర్ బాగుండి 8.8.8.8 మాత్రమే తడబడుతుంటే తప్పు బయట ఉంది. రెండు విండోలూ కనపడేలా ఫొటో తీసి కంప్లయింట్‌కు జత చేయండి. లైన్‌మన్ వచ్చినప్పుడు మీటర్ పెట్టించి ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తోందో చూడమనండి. మీటర్‌లో మైనస్ 20 డీబీఎం (వెలుగు బలానికి కొలత) దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గర ఉంటే వెలుగు తగ్గి అంచున ఉన్నట్టు, బీరువా వెనక ఫైబర్ నలిగినా చాలు ఇలా అవుతుంది. వెలుగు బాగుండి సాయంత్రాలే ఇబ్బంది అయితే అది రద్దీ. వీధిలోకి వచ్చే ఒక ఫైబర్‌లోని సుమారు 2.5 జీబీపీఎస్‌ను స్ప్లిటర్ పెట్టి సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. మీ ఆపరేటర్ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ చాలకపోతే మీ ప్లాన్ 300 అయినా అదే ఇరుకులో నిలబడాలి. అలాంటప్పుడు కంపెనీ మార్చండి.

ఎవరికి మారాలో ప్రకటన చూసి తేల్చకండి. రాత్రి ఎనిమిదింటికి మీ అపార్ట్‌మెంట్‌లో వేర్వేరు కనెక్షన్లున్న ముగ్గురి ఇళ్లకు వెళ్లి ఇదే పింగ్ కొట్టి చూడండి. కేబుల్ తెగితే ఎవరొస్తారు, ఎన్ని గంటల్లో వస్తారు అని అడగండి. ఒకే కంపెనీకి రెండు వీధుల్లో ఇద్దరు లోకల్ ఆపరేటర్లు ఉండొచ్చు, సేవ ఇద్దరిదీ ఒకేలా ఉండదు. మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి. రెండు నెలలు ఉచితమంటే నేనొకసారి ఏడాదికి కట్టేశాను. డ్రైనేజీ తవ్వకంలో కేబుల్ తెగితే నాలుగు రోజులు ఎవరూ రాలేదు. అమ్మ డాక్టరుతో మాట్లాడాల్సిన వీడియో కాల్ తప్పిపోయింది. మారిపోదామంటే డబ్బు అక్కడ ఇరుక్కుంది.

కరెంటు కోతల మాట కూడా చెప్పాలి. ఫైబర్ దారిలో స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. మీ రూటర్‌కు చిన్న యూపీఎస్ పెడితే చాలావరకు నెట్ ఆగదు. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, ఎక్కువగా 12 వోల్టులే ఉంటాయి. ఆపరేటర్ వైపు బ్యాకప్ లేకపోతే మాత్రం ఇది పనిచేయదు. కనెక్షన్ తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగండి.

ప్రశ్న: మా ఊరికి ప్రైవేటు ఫైబర్ రాలేదు. ఎయిర్‌ఫైబర్ పెట్టించుకోవచ్చా?

ముందు బీఎస్ఎన్ఎల్ ఫైబర్, ఏపీ ఫైబర్‌నెట్ ఉన్నాయేమో మీ కేబుల్ ఆపరేటర్‌ను అడగండి. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా చాలా పల్లెలకు చేరింది. రెండూ లేకపోతే ఎయిర్‌ఫైబర్ మంచిదే. పేరులో ఫైబర్ ఉన్నా డాబా మీది రిసీవర్ పట్టుకునేది ఎక్కువగా టవర్ నుంచి వచ్చే 5జీ సిగ్నల్‌నే. అందుకే పెట్టించే ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్‌తో డాబా ఎక్కి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి స్పీడ్ చూడండి. రాత్రి కూడా 30 ఎంబీపీఎస్‌కు తగ్గకపోతే పెట్టించుకోండి.