పోటీ చట్టాలు గట్టిగా ఉంటే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయా?

పెద్ద టెక్నాలజీ కంపెనీలను పోటీ చట్టాలతో, అంటే గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టాలతో, కట్టడి చేస్తే పరిశోధనకు డబ్బు తగ్గి ఆవిష్కరణలు కుంటుపడవా అని మీరు అడిగారు. కుంటుపడవు. కట్టడి లేనిచోట అవి ఎలా కుంటుపడతాయో మాత్రం నేను స్వయంగా చూశాను.

కొన్నేళ్ల క్రితం నేనూ నా మిత్రుడూ కలిసి తెలుగు పంచాంగం యాప్ ఒకటి తయారుచేశాం. ఇరవై రూపాయలు చెల్లిస్తే మీ ఊరి సూర్యోదయాన్ని బట్టి రాహుకాలం, దుర్ముహూర్తం లెక్కగట్టి చూపే సదుపాయాన్ని చేర్చి, ఉగాదికి పది రోజుల ముందు కొత్త వెర్షన్‌ను ఒక పెద్ద యాప్ స్టోరుకు పంపాం. ఆ డబ్బు యూపీఐ ద్వారా నేరుగా మాకు చేరేలా పెట్టడమే మేము చేసిన తప్పట. స్టోరు వారి చెల్లింపు పద్ధతినే వాడాలని, అందులో వారి వాటా వారికి పోవాలని చెప్పి తిప్పి పంపారు. మూడుసార్లు వివరణ రాస్తే మూడుసార్లూ అక్షరం మారకుండా అదే జవాబు వచ్చింది. చివరికి ఆ సదుపాయాన్నే తీసేసి పంపితే ఉగాది వెళ్లిన మూడో రోజున ఆమోదం లభించింది. పంచాంగ శ్రవణం అయిపోయాక పంచాంగం ఎవరికి కావాలి?

గుత్తాధిపత్యం తెచ్చిపెట్టిన డబ్బుతోనే అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ పరిశోధనశాల అయిన బెల్ ల్యాబ్స్‌లో 1947లో, నేటి ఎలక్ట్రానిక్ పరికరాలకు మూలమైన ట్రాన్సిస్టర్ పుట్టిందని మీరు గుర్తుచేయవచ్చు. అది నిజమే. అయితే అది లోకమంతటికీ అందడంలో, ఏటీ అండ్ టీ తన పాత పేటెంట్లను రుసుము లేకుండా ఇతరులకు ఇవ్వాలంటూ, పోటీ చట్టం కింద వేసిన దావాను ముగించడానికి 1956లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందానికీ పాత్ర ఉంది. కంప్యూటర్ల వ్యాపారంలోకి దిగకూడదని అదే ఒప్పందం ఆ సంస్థను కట్టేసింది కనుకనే తర్వాత బెల్ ల్యాబ్స్‌లో తయారైన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) నామమాత్రపు ధరకు విశ్వవిద్యాలయాలకు చేరింది.

కంప్యూటర్ల తయారీ సంస్థ ఐబీఎం సంగతీ అంతే. గుత్తాధిపత్యం చేస్తోందంటూ అమెరికా ప్రభుత్వం 1969 జనవరిలో దాని మీద దావా వేసింది. అంతవరకు యంత్రంతో కలిపి ఇస్తున్న సాఫ్ట్‌వేర్‌లో కొంతభాగానికి విడిగా ధర కడతామని ఆ జూన్‌లో ఐబీఎం ప్రకటించింది. యంత్రంతోపాటు ఊరికే వచ్చేదాన్ని వేరొకరి దగ్గర డబ్బిచ్చి ఎవరు కొంటారు? హైదరాబాదులో నాలాంటివారు సాఫ్ట్‌వేర్ రాసి బతకగలుగుతున్నారంటే దాని మూలాల్లో ఆ నిర్ణయం ఉంది, అది దావా భయంతోనే వచ్చిందని నా గట్టి నమ్మకం.

నా ఫిర్యాదల్లా ఈ చట్టాల నత్తనడక మీదే. ఐబీఎం మీద వేసిన ఆ దావా పదమూడేళ్లు నడిచింది, 1982లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. అంతకాలం నిలబడటం ఐబీఎంకు చెల్లింది. మేము మరుసటి ఉగాది రాకముందే యాప్‌ను మూసేశాం.