'షాడో ఆఫ్ ది వాంపైర్' కన్నా ముందు 'నోస్ఫెరాటు' చూడాలా? అందులో చూపింది నిజమేనా?

రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిదానికి సూటిగా జవాబు చెబుతాను: 1922 నాటి మూకీ సినిమా 'నోస్ఫెరాటు'నే దయచేసి ముందు చూడండి. దాని షూటింగులో ఏం జరిగి ఉంటుందోనని అల్లిన కథే 'షాడో ఆఫ్ ది వాంపైర్'. ఈ రెండింటినీ మా మిత్రులకు ఇంట్లో చాలాసార్లు వేసి చూపించాను. మూకీ చూడకుండా కూర్చున్నవాళ్లు సగం దాటేసరికి ఫోన్లు తీసేవారు. చూసినవాళ్లు మాత్రం తెర మీద రంగులు మాయమై నలుపు తెలుపు ఫ్రేము తెరుచుకోగానే ఉలిక్కిపడేవారు. ఆ దృశ్యం వాళ్లకు ముందే తెలుసు, కానీ ఇప్పుడు కెమెరా వెనక ఏం జరుగుతోందో కూడా తెలుస్తోంది. దర్శకుడు ఇ. ఎలియాస్ మెర్హిజ్ 2000లో తీసిన ఈ రెండో సినిమా బలమంతా అక్కడే ఉంది.

ఇక నిజానిజాలు. మెర్హిజ్ సినిమా కథ ప్రకారం 'నోస్ఫెరాటు' దర్శకుడు మూర్నౌ ఒక అసలైన రక్త పిశాచాన్ని పట్టుకొచ్చి, పాత్రలో లీనమైపోయే నటుడని యూనిట్‌కు పరిచయం చేస్తాడు. పారితోషికంగా చివర్లో కథానాయిక గ్రేటానే ఇస్తానని దానికి మాట ఇస్తాడు. ఇదంతా కల్పనే. మూకీలో పిశాచం ఓర్లాక్ ప్రభువుగా వేసిన మాక్స్ ష్రెక్ 1879లో బెర్లిన్‌లో పుట్టిన రంగస్థల నటుడు. ప్రసిద్ధ నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ బృందంలో పనిచేశాడు, 1936లో మ్యూనిక్‌లో చనిపోయాడు. మెర్హిజ్ సినిమాలో పిశాచానికి బలైపోయే గ్రేటా ష్రోడర్ నిజానికి 1980 దాకా బతికింది. ఛాయాగ్రాహకుడు ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్‌నూ ఇందులో చంపేశారు. ఆయన ఆ తర్వాత 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం'కు కెమెరా పట్టాడు.

నన్నడిగితే అసలు చరిత్ర కూడా తక్కువ ఉత్కంఠగా లేదు. ప్రాణా ఫిల్మ్ సంస్థ 'డ్రాక్యులా' నవల హక్కులు కొనకుండా, పేర్లు మార్చి 'నోస్ఫెరాటు' తీసేసింది. నవలా రచయిత బ్రామ్ స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. సంస్థ దివాలా తీసింది. ప్రతులన్నీ ధ్వంసం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. అప్పటికే కొన్ని ప్రతులు దేశాలు దాటిపోవడం వల్లే ఈ రోజు మనం దాన్ని చూడగలుగుతున్నాం.

ఓర్లాక్ కొన్న పాడుబడ్డ ఇల్లుగా మూకీలో కనిపించేవి లుబెక్‌లోని పాత ఉప్పు గోదాములు. జర్మనీలో ఉద్యోగం చేసే రోజుల్లో వెళ్లి చూశాను. ట్రావె నది ఒడ్డున ఆరు ఇటుక భవనాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కోసుగా పైకి లేచిన ముందు గోడలు, వాటి నిండా వరుసలు వరుసలుగా చిన్న చిన్న కిటికీలు. ఎండలో, పర్యాటకుల మధ్య అవి చక్కని పాత కట్టడాలు, అంతే. అయినా ఆ కిటికీల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మామూలు ఊళ్లో, మామూలు గోడల మీద కెమెరా పెట్టి అంత భయం పుట్టించాడంటే మూర్నౌ ఎంతటి పనిమంతుడో అక్కడే నాకు బాగా అర్థమైంది.

మెర్హిజ్ సినిమా ఆ పనితనాన్నే నిలదీస్తుంది. ఉన్నట్టుండి అదరగొట్టే దృశ్యాలు ఇందులో తక్కువ. ఒక మంచి షాటు కోసం ఎంతమందిని పోగొట్టుకోవడానికైనా సిద్ధపడిన మనిషి ఇందులో మనల్ని భయపెడతాడు. చివర్లో ఎదుటివాళ్లు చస్తున్నా మూర్నౌ కెమెరా ఆపడు. మూర్నౌగా వేసిన జాన్ మాల్కోవిచ్ ఆ ఘట్టంలో గొంతు పెద్దగా పెంచడు, అది ఇంకా ఘోరంగా ఉంటుంది. పిశాచం ఆకలికి ఒక హద్దుంది, ఇతని ఆకలికి లేదు.

పిశాచంగా విలెమ్ డఫోకు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. గబ్బిలాన్ని గాలిలోనే పట్టి తినే ఘట్టం గురించే అందరూ చెబుతారు. నాకు మాత్రం దానికి ముందు మాటలు ముఖ్యం. 'డ్రాక్యులా' చదివితే ఏమనిపించిందని యూనిట్‌వాళ్లు అడుగుతారు. బాధ కలిగిందంటాడు. నౌకర్లు లేని ఆ ముసలి ప్రభువు, వందల ఏళ్లుగా అన్నం ముట్టనివాడు, అతిథి కోసం రొట్టె కొనడం, బల్ల సర్దడం మళ్లీ గుర్తు తెచ్చుకోవాలి కదా అని వాపోతాడు. చూడండి, జాలి వేస్తుంది. చివరి అరగంటను మాత్రం హడావుడిగా చుట్టేశారు. ఆ లోపాన్ని డఫో కోసం క్షమించాను.

మూకీ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, కానీ రంగు అద్దకం ఉన్న ప్రతినే వెతకండి. రాత్రి దృశ్యాలను అప్పట్లో పగలే తీసి ఫిల్ముకు నీలి రంగు వేసేవారు. ఆ రంగు పోయిన ప్రతుల్లో ఓర్లాక్ పట్టపగలు శవపేటిక మోసుకుంటూ ఊళ్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. సూర్యకాంతికే చచ్చిపోయే పిశాచం కథ కదా, అలా చూస్తే ముగింపుకు అర్థమే ఉండదు. హాన్స్ ఎర్డ్‌మన్ సంగీతంతో పునరుద్ధరించిన ప్రతి దొరికితే మరీ మంచిది. మర్నాడు రాత్రి రెండోది పెట్టుకోండి, గంటన్నరే.